ఉబ్బిన డ్రోన్ బ్యాటరీలతో మూడు నెలలు: మిరప చేలలో నా కొలతల డైరీ

మందు కొట్టే డ్రోన్ నడిపేవారందరికీ బ్యాటరీ ఉబ్బడం తెలిసిన సంగతే. ఎంత ఉబ్బితే పక్కన పెట్టాలి, దేనితో కొలవాలి, పక్కన పెట్టినదాన్ని ఏం చేయాలి అన్న ప్రశ్నలకు మాత్రం అంకెలతో జవాబు చెప్పినవారు నాకు తారసపడలేదు. నేను చేసిన తప్పులు మరొకరు చేయకుండా ఉంటారని, పనికొచ్చిన పద్ధతి ఎవరికైనా ఉపయోగపడుతుందని తేదీల వారీగా రాస్తున్నాను.

యంత్రం వివరాలు క్లుప్తంగా: పది లీటర్ల ట్యాంకు, ఆరు మోటార్లు, నిండు బరువు 24.5 కిలోలు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఇది 25 కిలోల లోపు చిన్న డ్రోన్ల వర్గంలోకి వస్తుంది. ఆరు సెల్స్ గల 22,000 మిల్లీ ఆంపియర్ అవర్ల లిథియం పాలిమర్ ప్యాకులు రెండింటిని సిరీస్‌లో కలిపి వాడతాం కాబట్టి మొత్తం పన్నెండు సెల్స్, నిండు ఛార్జింగ్‌లో 50.4 వోల్టులు. నా దగ్గర నాలుగు జతలున్నాయి. వాటికి 1-అ, 1-ఆ మొదలుకొని 4-అ, 4-ఆ వరకు పేర్లు పెట్టుకున్నాను. పని అంతా పల్నాడు జిల్లాలో, సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప చేలలోనే.

మొదటి దశ: అరలో పట్టని ప్యాకు (జనవరి 27, 28)

నల్ల తామర పురుగుకు మందు కొట్టే పనిలో ఉండగా, మూడో బ్యాటరీ మార్పిడి దగ్గర మా సహాయకుడు ఆగిపోయి, "అన్నా, నిన్న దూరింది, ఇవాళ దూరడం లేదు" అన్నాడు. అది 2-అ. నేను చేరేలోగా అతడు దాన్ని అరచేత్తో గట్టిగా నొక్కి సగం వరకు దించేశాడు. తీయబోతే ప్లాస్టిక్ తొడుగు, డ్రోన్ మీద బ్యాటరీ కూర్చునే అర అంచుకు రాసుకొని రెండు అంగుళాల పొడవున చిరిగింది. లోపలి వెండి రంగు పొర తెగలేదు. తెగి ఉంటే ఈ డైరీ మరోలా మొదలయ్యేది.

వేడి మీద ఉన్న ప్యాకు ఒకటి రెండు మిల్లీమీటర్లు పొంగి, చల్లారాక మళ్ళీ తగ్గడం మామూలే. అందుకని ఆ సాయంత్రం కొలవకుండా రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు ఉదయం ఎనిమిదింటినీ వెర్నియర్ క్యాలిపర్‌తో మూడేసి చోట్ల కొలిచాను. మధ్యభాగపు మందం ఇలా ఉంది:

1-అ 64.2 మి.మీ., 1-ఆ 64.0
2-అ 69.4, 2-ఆ 65.1
3-అ 66.3, 3-ఆ 66.8
4-అ 63.0, 4-ఆ 63.1

అర వెడల్పు 68 మి.మీ. కొన్న రోజున ఏ ప్యాకునూ కొలిచి పెట్టుకోకపోవడం నా మొదటి తప్పు. కొత్తదాని మందం ఎంతో తెలియక, అన్నిటికన్నా తక్కువగా తిరిగిన నాలుగో జత కొలత 63.0నే ఆధారంగా తీసుకోవలసి వచ్చింది. రెండో తప్పు ఇంతకన్నా పెద్దది. అరలో పడుతోందా లేదా అన్నదే కొలబద్ద అనుకొని, 2-అను మాత్రం పక్కన పెట్టి, మూడో జతను "ఇంకా మిల్లీమీటరుకు పైగా చోటుంది" అనుకుంటూ ఎగరేస్తూనే ఉన్నాను.

ఇప్పటికి లెక్క: మొత్తం 8. పక్కన పెట్టినది 1. జత లేక మిగిలినది 1. ఎగురుతున్నవి 6.

రెండో దశ: చేలో కూలిన రోజు (ఫిబ్రవరి 9)

మూడో జతతో రెండో ట్యాంకు సగం అయింది. రెండున్నర మీటర్ల ఎత్తులో ముందుకు పోతున్న డ్రోన్ మొదటి హెచ్చరిక మోగీ మోగకముందే నేలకు దిగడం మొదలుపెట్టింది. వేగం పూర్తిగా తగ్గకముందే దిగడంతో ఒక కాలు మిరప కొమ్మల్లో చిక్కుకొని పక్కకు ఒరిగింది. రెండు రెక్కలు, ఒక నాజిల్ గొట్టం, పద్నాలుగు మొక్కలు పోయాయి. మనుషులు దూరంగా గట్టు మీదే ఉన్నారు. చేను గల బాబాయి మొక్కల సంగతి ఎత్తలేదు. "ఆ డబ్బా అంటుకుని ఉంటే చేనంతా పోయేది గదయ్యా" అని మాత్రం అన్నాడు. అప్పటివరకు అది నా ఊహలోకే రాలేదు.

ఇంటికి వచ్చాక లాగ్ తీసి చూశాను. కరెంటు 88 ఆంపియర్లు. మొత్తం వోల్టేజి 43.0 దగ్గర నిలకడగా ఉండి, ఆరు సెకన్లలో 41.1కి పడిపోయింది. మొదటి హెచ్చరిక 42.6 దగ్గర, తప్పనిసరిగా దిగడం 42.0 దగ్గర పెట్టుకున్నాను. ఆ రెండు గీతలనూ ఆరు సెకన్లలోనే దాటేసింది.

గంట తర్వాత ఒక్కో సెల్ వోల్టేజి విడిగా చూపే సెల్ చెకర్‌తో చూస్తే పదకొండు సెల్స్ 3.77 వోల్టుల దరిదాపుల్లో ఉన్నాయి. 3-ఆలోని నాలుగో సెల్ ఒక్కటే 3.28 చూపింది. అప్పుడు వెనక్కి లెక్క కట్టాను. మంచి సెల్ అంతర్నిరోధం (కరెంటుకు సెల్ లోపలే ఎదురయ్యే అడ్డు) 1.5 మిల్లీ ఓములు అనుకుంటే, 88 ఆంపియర్ల దగ్గర అది 0.13 వోల్టులు కుంగి 3.64 వద్ద నిలుస్తుంది. అలాంటివి పదకొండు కలిస్తే 40.04. మొత్తం 43.0లోంచి అది తీసేస్తే ఆ ఒక్క సెల్‌కు మిగిలేది 2.96 వోల్టులు. సగటు 3.58 కనిపిస్తోంది కనుక డ్రోన్ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. అది చూసేది పన్నెండు సెల్స్ మొత్తాన్నే. పదకొండు మంచి సెల్స్ చాటున ఒక చెడ్డ సెల్ చివరి క్షణం దాకా దాగి ఉండగలదు.

మూడో దశ: అంతర్నిరోధం కొలవడం, అందులో ఒక పొరపాటు (ఫిబ్రవరి 11 నుంచి 14)

మందం ఒక్కటే చాలదని తేలాక, ఛార్జరులోనే ఉన్న అంతర్నిరోధం కొలిచే సదుపాయాన్ని మొదటిసారి వాడాను. మొదటి రోజు ఎండలో కొలిస్తే అన్నీ బాగున్నట్టే కనిపించాయి. సెల్ వేడెక్కిన కొద్దీ నిరోధం తగ్గుతుంది కాబట్టి, అప్పుడే దిగిన ప్యాకు చెడ్డదైనా మంచిదిగానే కనిపిస్తుంది. అందుకని క్రమం ఇలా మార్చాను:

1. ప్రతి సెల్‌ను 3.85 వోల్టులకు తెచ్చి ఆరు గంటలు కదిలించకుండా ఉంచాలి.
2. ఉదయం ఏడు గంటలకు, గదిలోనే, అన్ని ప్యాకులనూ ఒకే ఛార్జరుతో కొలవాలి.
3. బ్యాలన్స్ ప్లగ్గు (ఒక్కో సెల్ వోల్టేజిని విడిగా చూసే సన్నతీగల ప్లగ్గు) పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పాత టూత్‌బ్రష్‌తో తుడిచాకే కొలవాలి.
4. ఒక్కో సెల్‌ను మూడుసార్లు కొలిచి మధ్య విలువ రాసుకోవాలి.

మూడో అంశం 1-అ పుణ్యమా అని వచ్చింది. దాని మొదటి సెల్ 3.6 మిల్లీ ఓములు చూపితే, అదీ పోయిందని దాదాపు తేల్చేశాను. ప్లగ్గును వెలుతురులో పెట్టి చూస్తే ఒక పిన్ను మొదట్లో సున్నపు పొడిలా తెల్లగా, అంచున ఆకుపచ్చగా ఏదో పేరుకొని ఉంది. మందు తుంపర పడి ఎండి, మళ్ళీ పడి చేసిన పని అది. తుడిచి కొలిస్తే 1.8 వచ్చింది. పెద్ద కనెక్టర్లలోనూ ఇదే మురికి ఉంది. వాటిలో ఒకటి దిగిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుకు 71 డిగ్రీలు చూపింది.

సరిగా కొలిచిన తర్వాత ప్రతి ప్యాకులోనూ అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న సెల్ విలువలు, మిల్లీ ఓములలో:

1-అ 1.8, 1-ఆ 1.7
2-అ 5.6, 2-ఆ 2.0
3-అ 2.9, 3-ఆ 4.8
4-అ 1.4, 4-ఆ 1.4

అప్పటికి నేను పెట్టుకున్న నియమం ఇది: మందం ఆధారం కన్నా ఐదు శాతం, అంటే సుమారు 3 మి.మీ. పెరిగినా, ఏ సెల్ అయినా నాలుగో జత విలువకు రెట్టింపు దాటినా ఆ ప్యాకు ఇక ఎగరదు. 3-అ రెండు లెక్కల్లోనూ పోయింది.

ఇప్పటికి లెక్క: మొత్తం 8. పక్కన పెట్టినవి 3. జత లేనిది 1. ఎగురుతున్నవి 4, అంటే రెండు జతలు.

నాలుగో దశ: ఎందుకు ఉబ్బాయి (ఫిబ్రవరి 15 నుంచి 26)

సెల్ లోపలి ద్రవం విచ్ఛిన్నమై వాయువులుగా మారడమే ఉబ్బు. పొర గాలి చొరనిది కనుక ఆ వాయువు బయటికి పోలేక దిండులా పొంగుతుంది. అతిగా ఛార్జ్ చేయడం, అతిగా వాడేయడం, వేడి, నిండు ఛార్జితో రోజుల తరబడి ఉంచడం, దెబ్బ తగలడం దీనికి మామూలు కారణాలు. నా రాతపుస్తకంలో వెతికితే మూడు కారణాలు నాకే చుట్టుకున్నాయి.

ఒకటి, ఒక జతతో రెండు ట్యాంకులు కొట్టడం. అలా కొట్టి వచ్చిన ప్యాకులో ఛార్జరు తిరిగి నింపింది 19,400 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఇది మొత్తం సామర్థ్యంలో 88 శాతం. ఎనభై శాతం దాటకూడదన్నది నాకు తెలుసు. జనరేటరు పెట్రోలు మిగులుతుందన్న ఆశ కొద్దీ దాటాను.

రెండు, వేడి ప్యాకును వెంటనే ఛార్జరుకు తగిలించడం. దిగినప్పుడు 53 డిగ్రీలున్నదాన్ని పది నిమిషాల్లోపే ఛార్జింగ్‌కు పెట్టేవాళ్ళం. ఛార్జింగ్‌కు 45 డిగ్రీలు గరిష్ఠ పరిమితి అనుకుంటే, ప్రతి మధ్యాహ్నం ఆ పరిమితి దాటేవాళ్ళం. రెండో, మూడో జతలే ఎప్పుడూ ముందు ఎగిరేవి, మళ్ళీ ముందు ఛార్జింగ్‌కు వెళ్ళేవి. అవే ఎక్కువగా ఉబ్బాయి.

మూడు, వాన పట్టినప్పుడు నిండు ఛార్జితో వదిలేయడం. నవంబరులో ఒకసారి తొమ్మిది రోజులు అన్ని జతలూ సెల్‌కు 4.2 వోల్టులతో అలాగే ఉన్నాయి.

మార్పులన్నిటిలోకీ నన్ను ఆశ్చర్యపరిచింది ఒక ట్యాంకుకు ఒక జత అన్న నియమం. పని సగానికి పడిపోతుందని భయపడ్డాను. కొలిచి చూస్తే, ఒక ట్యాంకు తర్వాత తిరిగి నిండేది 9,600, 22 ఆంపియర్ల దగ్గర పట్టే సమయం 36 నిమిషాలు. రెండు ట్యాంకుల తర్వాత నిండేది 19,400, పట్టే సమయం 71 నిమిషాలు. ఎకరానికి ఛార్జింగ్ సమయం రెండు విధాలా ఒకటే. అంటే రెండో ట్యాంకు ఆశతో నేను మిగుల్చుకున్నది ఏమీ లేదు.

చల్లార్చడానికి ట్రాలీలో టార్పాలిన్ కింద పెట్టే అలవాటు మానేశాం. అక్కడ మధ్యాహ్నం వాడకుండా ఊరికే ఉన్న ప్యాకు పైభాగమే 57 డిగ్రీలు చూపింది. వేపచెట్టు నీడలో, గాలి ఆడేలా ఎడంగా పెడితే 53 నుంచి 38కి రావడానికి 34 నిమిషాలు పట్టింది. జనరేటరు మీద చిన్న ఫ్యాను పెడితే 17 నిమిషాలే. తడి గోనెసంచి కప్పుదామన్న సహాయకుడి సలహా కనెక్టర్ల సంగతి తలచుకొని వద్దన్నాను.

రోజు పని ముగిశాక ప్రతి సెల్‌నూ 3.80 నుంచి 3.85 మధ్యకు తెస్తున్నాం. ఎంత అలసటగా ఉన్నా ఇది వదలడం లేదు.

పని లెక్క: నాలుగు జతలతో రోజుకు 18 ఎకరాలు, రెండు జతలతో 11. ఎకరానికి నాలుగు వందల చొప్పున రోజుకు 2,800 రూపాయల తేడా. ఒక్క ఛార్జరు ఉన్నంతవరకు దీనికి మందు లేదు.

ఐదో దశ: పక్కన పెట్టినవాటిని ఖాళీ చేయడం (మార్చి 2 నుంచి 9)

ముందుగా, చేయకూడనివి. సూదితో పొడిచి గాలి తీస్తే సరిపోతుందని ఒక మొబైల్ రిపేరు కుర్రాడు సలహా ఇచ్చాడు. ఇంతకన్నా ప్రమాదకరమైన సలహా ఉండదు. లోపల పొరలు ఒకదానికొకటి తగిలితే అక్కడే మంట, దానితోపాటు ఊపిరితిత్తులకు హాని చేసే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పొగ పుడతాయి. ఉబ్బినదాన్ని పట్టీతో బిగించి చదును చేయడమూ ఆ కోవలోదే.

ఉప్పునీటి బకెట్ పద్ధతిని నేను నిరుడు ఒక చిన్న ప్యాకుతో నమ్మాను. మూడు రోజుల తర్వాత కనెక్టరు పిన్నులు తుప్పుపట్టి విడిపోయాయి, మీటరు సున్నా చూపింది. తీగ మొదట్లో గుచ్చి కొలిస్తే సెల్‌కు 3.7 వోల్టులు అలాగే ఉన్నాయి. ఖాళీ అయిందనుకొని చేత్తో పట్టుకు తిరిగాను.

ఈసారి లారీ సామాన్ల దుకాణంలో 24 వోల్టుల, 70 వాట్ల హెడ్‌లైటు బల్బులు తెచ్చాను. క్రమం ఇది:

1. ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, పైకప్పు లేని చోట, ఇసుక పోసిన సిమెంటు తొట్టిలో ప్యాకు పెట్టాలి. గాలికి పొగ కొట్టుకొచ్చే వైపు మనం ఉండకూడదు.
2. పొడవాటి తీగలతో బల్బు తగిలించి దూరం జరగాలి. పక్కనే నిండు నీళ్ళ డ్రమ్ము, మగ్గు ఉండాలి. ఇలాంటి మంటను చల్లార్చేది ధారాళంగా పోసే నీరే. ఇసుక మంటను పాకకుండా ఆపుతుందే గాని సెల్‌ను చల్లబరచదు.
3. అరగంటకోసారి దూరం నుంచే ఉష్ణోగ్రత చూడాలి.
4. బల్బు ఆరిపోయినా తీయకుండా మర్నాటి వరకు అలాగే వదిలేయాలి.
5. తీగలు ఒక్కొక్కటిగా కత్తిరించి, ఒకటి కత్తిరించిన వెంటనే దానికి టేపు చుట్టి, తర్వాతే రెండోది ముట్టుకోవాలి.

2-అ నాలుగు గంటల్లో చప్పుడు లేకుండా దిగింది. 3-ఆ అలా దిగలేదు. మిగతా ఐదు సెల్స్‌లో ఇంకా శక్తి ఉండగానే నాలుగో సెల్ ముందే ఖాళీ అయింది. ఆపైన కరెంటు దాన్ని తిరగేసి, ఛార్జి ఎదురు దిశలో నెట్టింది. ప్యాకు 47 డిగ్రీలకు చేరి, మందం 66.8 నుంచి 71.8కి పెరిగింది. తీగను దూరం నుంచి కర్రతో లాగి విడదీశాను. చల్లారాక రెండు బల్బులను సిరీస్‌లో పెట్టి కరెంటును 2.8 నుంచి 1.9 ఆంపియర్లకు తగ్గించి, రెండు విడతలుగా ముగించాను. బలహీనమైన సెల్ ఉందని ముందే తెలిస్తే మొదటినుంచే రెండు బల్బులు పెట్టండి.

ఖాళీ చేసినవాటిని చెత్తబండిలో వేయకూడదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వీటిని ఇతర చెత్తతో కలపకుండా సేకరణదారుకో రీసైక్లింగ్ చేసేవారికో అప్పగించాలి. పాడైన లిథియం బ్యాటరీలను విమానంలో పంపడం నిషేధం కనుక కొరియరు వాళ్ళు ముట్టుకోరు. మంచి ప్యాకునైనా సరే, మనం ప్రయాణికులుగా విమానంలో తీసుకెళ్ళలేం. అక్కడ పరిమితి 160 వాట్ అవర్లు, ఈ ప్యాకు ఒక్కటే సుమారు 488. అమ్మిన వ్యాపారి మొదట తీసుకోనన్నాడు. నియమం కాగితం చూపించాక గుంటూరులో దించి వెళ్ళమన్నాడు. సొంత బండిలో, మూతకు చిల్లులు పెట్టిన ఇనుప ట్రంకుపెట్టెలో ఇసుక పోసి తీసుకెళ్ళాను. మూత బిగుసుకుపోయిన పెట్టెలో వాయువు చేరితే పెట్టే పేలుతుంది. చిల్లులు అందుకే.

ఇప్పటికి లెక్క: మొత్తం 8. అప్పగించినవి 3. జత లేనిది 1. ఎగురుతున్నవి 4.

ఆరో దశ: ఒంటరి ప్యాకు, మారిన నియమం (మార్చి 12 నుంచి 25)

2-ఆకు ఏదైనా తోడు దొరుకుతుందా అన్న ఆశ నన్ను రెండు వారాలు వదల్లేదు. సుమారు 190 సార్లు ఛార్జ్ అయిన దాన్ని, 60 సార్లే అయిన నాలుగో జతలోని ఒకదానితో కలిపితే, ఒకే కరెంటుకు పాతది ముందు ఖాళీ అవుతుంది, ముందు వేడెక్కుతుంది. మంచిదాన్ని ఆసరా చేసుకొని చెడ్డది మరింత చెడుతుంది. మూడో జతలో జరిగింది కూడా ఇదే. కలపలేదు.

మార్చి 25న కొలిస్తే 2-ఆ మందం 65.9. జనవరిలో 65.1. నెలన్నరకు పైగా 3.82 వోల్టుల దగ్గర నీడలో, కదలకుండా ఉన్న ప్యాకు 0.8 మి.మీ. పెరిగింది. ఒకసారి మొదలైన చర్య వాడకపోయినా ఆగడం లేదని దీనితో తేలింది. ఐదు శాతం నియమం మరీ ఉదారంగా ఉందనిపించి దాన్ని 1.5 మి.మీ.కు తగ్గించాను. ఇది క్యాలిపర్ పట్టులో వచ్చే తేడాకు, లోపలి స్పాంజి తేడాకు సరిపోతుంది. 2-ఆ దానితోనే పోయింది.

ఇప్పటికి లెక్క: మొత్తం 8. విరమించినవి 4. ఎగురుతున్నవి 4.

ఏడో దశ: గేజు, సెల్ అలారం (మార్చి 28 నుంచి ఏప్రిల్ 20)

పొలంలో, మందు చేతులతో క్యాలిపర్ పట్టుకొని దశాంశాలు చదవడం జరిగే పని కాదు. కనుక 64.5 మి.మీ. సందు గల చిన్న ద్వారం చేయించాను. ప్యాకు తన బరువుకే అందులోంచి జారాలి, నెట్టకూడదు. మొదటిది ప్లైవుడ్‌తో చేయించడం తప్పు. ఒకసారి నీళ్ళు పడి ఎండేసరికి సందు 64.1 అయి, మంచి ప్యాకును ఆపింది. రెండోది అల్యూమినియం యాంగిల్‌తో, నాలుగు బోల్టులతో చేశాం.

ప్రతి ప్యాకు బ్యాలన్స్ ప్లగ్గుకు విడిగా ఒక సెల్ అలారం తగిలించి 3.5 వోల్టుల దగ్గర పెట్టాను. ఇది మొత్తాన్ని కాక, ఏ ఒక్క సెల్ పడిపోయినా కూస్తుంది. మోటార్ల హోరులో గట్టు మీదికి వినిపించదేమోనని మొదట సందేహించాను. రెండు అలారాలు కలిస్తే నలభై అడుగుల వరకు వినిపించింది, ఆ తర్వాత లేదు. అందుకని పొలం మధ్యకు పంపే ముందు, నిండు ట్యాంకుతో పది మీటర్ల దూరంలో మనిషి ఎత్తున అరనిమిషం నిలబెట్టి వింటున్నాం. బలహీనమైన సెల్ ఉంటే ఆ బరువుకు అక్కడే బయటపడాలి. హెచ్చరికను కూడా 42.6 నుంచి 43.8కి పెంచాను.

ఏప్రిల్ 19 ఉదయం 1-అ గేజులో ఆగింది. మా సహాయకుడు బొటనవేలితో నొక్కబోయి, నా వైపు చూసి చేయి తీసేశాడు. క్యాలిపర్‌తో చూస్తే 64.6. దాని జత 1-ఆ 64.1 దగ్గరే ఉన్నా రెండింటినీ కలిపే దించేశాను.

ఏప్రిల్ 20న కొత్త జత వచ్చింది. పెట్టె తెరిచిన గంటలోనే కొలిచాం. మందం 62.8, 62.9. అంతర్నిరోధం పన్నెండు సెల్స్‌లోనూ 1.2 నుంచి 1.3. ఆ అంకెలను, తేదీని పెయింటు పెన్నుతో ప్యాకు మీదే రాశాం.

ఇప్పటికి లెక్క: పాతవి 8. విరమించినవి 5. జత లేనిది 1. ఎగురుతున్నవి పాతవి 2, కొత్తవి 2.